ఆరంగుళాల గడి

మూడేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, జహనుమా దగ్గరి ఖాళీ మైదానంలో జీవాల దొడ్డికి తీగ కంచె వేయించే పని నాకు అప్పగించారు. బక్రీద్‌కు అప్పటికి రెండు నెలలు కూడా లేవు. నేను పాతబస్తీ వైపు ఒక స్థానిక సంస్థ ఇంజినీరింగ్ విభాగంలో డీఈగా, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌గా ఉన్నాను. నా కింద ఇద్దరు ఏఈలు, అంటే అసిస్టెంట్ ఇంజినీర్లు, పైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్. ఆయన్ను అందరం ఈఈ సార్ అనేవాళ్లం. మోరీలు, నాలా గోడలు, రోడ్డు మరమ్మతులు మా రోజువారీ పని. వాటి పక్కన కంచె చాలా చిన్నది. నేను స్వచ్ఛంద విరమణ తీసుకునేనాటికి ఆఫీసులో ఎవరికీ అది గుర్తు కూడా లేదు.

ఆ కంచెకు కాపలా ఉన్న యాదయ్యను విధి నిర్వహణలో నిర్లక్ష్యం కింద పనిలోంచి తీసేశారు. గాలి లేచి జీవాలు కంచెలో ఇరుక్కున్నప్పుడు అతను అక్కడ లేడన్నది అభియోగం. అతను ఉన్నాడు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ ఏం చేశానో చెప్పాలంటే ముందు కంచె గురించి చెప్పాలి.

ఆ మైదానంలో ఏటా పండుగ ముందు మేకల సంత సాగుతుంది. బయటి జిల్లాల నుంచి మందలు తెచ్చేవాళ్లు కొందరు. ఇంట్లోనే ఒకటో రెండో మేకపోతుల్ని పెంచి తెచ్చే బస్తీవాళ్లు కొందరు. అంతకు ముందు వరకూ వెదురు తడికలు, కొబ్బరి తాళ్లతో దొడ్లు కట్టేవారు. ముందటేడు తడిక పడిపోయి మేకలు ఫలక్‌నుమా రోడ్డు మీదికి పోయాయి. ఆటోలు ఆగిపోయాయి, పెద్ద లొల్లి అయింది. అందుకని శాశ్వతంగా ఒక దొడ్డి కావాలన్నారు. పండుగప్పుడు మేకలకు, మిగతా రోజుల్లో రోడ్ల మీద తిరిగే పశువులకు.

జీవాల కంచెకు వస్తువు ఎంచుకోవడం గోడకు ఇటుక ఎంచుకోవడం లాంటిది కాదు. గోడను ఎవరూ రోజంతా నెట్టరు, నాకరు, రాసుకోరు. ముళ్ల తీగ అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతుంది. కానీ ఇరుకు దొడ్డిలో అది పొదుగులు చీరుతుంది, కళ్లు పొడుస్తుంది. దాన్ని మొదటే తీసేశాను. ఆటస్థలాల చుట్టూ వేసే అల్లిక జాలీ చూడటానికి బాగుంటుంది. కాని ఒక గేదె వీపు గోక్కున్నదంటే సంచిలా సాగిపోతుంది, ఒక్క తీగ తెగితే పక్కవి కూడా విడిపోతాయి. మిగిలింది ముడుల కంచె. నిలువు తీగలు, అడ్డ తీగలు కలిసేచోట ఫ్యాక్టరీలోనే ముడి వేసి చుట్టలుగా పంపుతారు. ఒకచోట తెగినా అక్కడితో ఆగుతుంది.

తీగకు నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. కొత్తగా వచ్చిన ఏఈలు ఇక్కడే పొరబడతారు. నేను మామూలు మెత్తటి ఇనుప తీగ కాకుండా హైటెన్సైల్ తీగ ఎంచుకున్నాను. సన్నంగా ఉన్నా సాగదు, లాగి బిగిస్తే వీణ తీగలా నిలబడుతుంది. జీవాల మూత్రం ఇనుమును తొందరగా తినేస్తుంది కాబట్టి జింకు పూత మందంగా ఉన్న రకమే కావాలన్నాను. స్తంభాలకు ఊళ్లలో వాడే రాతి కడీలు బలమైనవే. కానీ వాటికి తీగ కట్టాలంటే చుట్టూ చుట్టాలి, బిగువు సరిగా నిలవదు. ఇనుప యాంగిల్ స్తంభాలు తెప్పించి, మూలల్లో ఏటవాలు ఊతాలు పెట్టి, కాంక్రీటులో పాతించాను. ఇవన్నీ సరిగ్గానే చేశాను. ఇప్పుడు వెళ్లి చూసినా ఆ కంచెకు తుప్పు మచ్చ కనిపించదు.

తేడా వచ్చింది గడి దగ్గర. నిలువు తీగకూ అడ్డ తీగకూ మధ్య ఉండే ఖాళీ చోటును మేం గడి అంటాం. పశువైద్య విభాగం నుంచి వచ్చిన డాక్టర్ మేడమ్ మొదటి రోజే దాని గురించి చెప్పారు. మేక గడిలో తల పెడుతుంది, పెట్టకుండా ఉండదు, బయట ఒక ఆకు కనిపిస్తే చాలు. తల పెట్టేటప్పుడు కొమ్ములు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి దూరిపోతుంది. వెనక్కి లాక్కునేటప్పుడు అవే కొమ్ములు తీగకు తగులుకుంటాయి. కాబట్టి గడి బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి, అప్పుడు తల దూరదు. లేదా అడుగు ఉండాలి, అప్పుడు దూరినా తిరిగి వస్తుంది. ఈ రెండింటి మధ్యలో ఏదీ పెట్టవద్దన్నారు. నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఈఈ సార్‌కు అడుగు గడి నచ్చలేదు. అంత ఖాళీలోంచి మేకపిల్లలు బయటికీ, బస్తీ పిల్లలు లోపలికీ దూరతారని ఆయన వాదన. అది తప్పు కూడా కాదు. సరే, బెత్తెడు గడి కోసం ఉస్మాన్‌గంజ్ వెళ్లాను. అక్కడ తీగల వ్యాపారం చేసే దస్తగిర్ భాయ్ మాకు పాత పరిచయం. చుట్టల మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"బారీక్ గడి కావాల్నంటే ఆర్డర్ ఇయ్యాలె సాబ్," అన్నాడు. "ఫ్యాక్టరీల అల్లి పంపాలె. ఈద్ అయినంక వస్తది. మీ బక్రే అంతదాంక ఆగుతయా?"

"ఇంకేముంది?"

"ఒక ఫుట్ ది ఉంది. ఆరంగుళాలది మస్తు ఉంది. ప్లాట్లోళ్లు, తోటలోళ్లు అదే కొంటున్రు."

"మేకలకు?"

దస్తగిర్ భాయ్ నవ్వాడు. "నేను లోహా అమ్మెటోన్ని సాబ్. మేకల సంగతి మేకల్నే అడగుండ్రి."

ఆ సాయంత్రం సమావేశంలో నేను ఆరంగుళాల గడిని ప్రతిపాదించాను. పెద్దది వద్దన్న ఈఈ సార్ మాట నిలిచింది. చిన్నది కావాలన్న డాక్టర్ మేడమ్ మాటకు కాస్త దగ్గరగా వచ్చినట్టు కనిపించింది. సరుకు సిద్ధంగా ఉంది, పండుగలోపు పని అయిపోతుంది. మధ్యే మార్గం బాగుందని ఈఈ సార్ మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ల నౌకరీలో నేను నేర్చుకున్న పెద్ద విద్య అదే. ఇద్దరు పెద్దవాళ్లు రెండు మాటలు అంటే మధ్యలో ఒకటి చూపించి ఇద్దరినీ ఒప్పించడం. రోడ్డు వెడల్పు దగ్గర, మోరీ లోతు దగ్గర అది ఎన్నోసార్లు పనికొచ్చింది.

కంచె పూర్తయ్యాక డాక్టర్ మేడమ్ చూడటానికి వచ్చారు. గడిలో పిడికిలి పెట్టి తీశారు. తర్వాత, ఇందులో కొమ్ములు లేని గొర్రెల్ని మాత్రం పెట్టుకోండి, కొమ్ముల జీవాలు వద్దు అన్నారు. నేను సరేనన్నాను. బక్రీద్ సంతకు కొమ్ములు లేని జీవాలు తెమ్మని ఎవరికి చెప్పగలను? కొనేవాళ్లు మొదట చూసేదే కొమ్ములు. మెలి తిరిగి, నూనె రాసి మెరిపించిన కొమ్ములు. అవి దెబ్బతినకుండా ఉండటం వాళ్లకు అందం కోసం మాత్రమే కాదు. కొమ్ము మొదలంటా విరిగిన జీవం ఖుర్బానీకి చెల్లదని వాళ్ల నియమం. ఈ నియమం నాకు తెలుసు. పాతబస్తీలో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

యాదయ్య అక్కడికి వచ్చింది ఇలాంటప్పుడే. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద వాచ్‌మన్. యాభై దాటినవాడు. అంతకు ముందు చాలా ఏళ్లు ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసి నడుము పోగొట్టుకున్నాడు. వంగి బరువెత్తవద్దని డాక్టర్లు చెప్పాక, ఎవరెవరినో పట్టుకుని ఈ కూర్చునే పని సంపాదించాడు. ఇది పోతే మళ్లీ బస్తాలే అని అందరికీ చెప్పేవాడు, నాకూ చెప్పాడు. మెడలో గుర్తింపు కార్డును చొక్కా పైకి కనిపించేలా వేసుకునేవాడు.

అతను ఆదర్శ కాపలాదారేం కాదు. మధ్యాహ్నం పూట మూలమీది హోటల్‌కు చాయ్‌కి పోయి కబుర్లలో పడటం మా ఏఈలు చాలాసార్లు చూశారు. నేనూ ఒకసారి కోప్పడ్డాను. నోరు ఊరుకునేది కాదు. సంతలోకి వచ్చిన ఒక్కో మేకపోతుకు ఒక్కో అధికారి పేరు పెట్టాడు. బరువుగా కదలకుండా నిలబడ్డ ఒకదాన్ని చూపించి, "గీయన ఈఈ సారు. మేత ముంగట వెడ్తె తింటడు, లేకుంటె సూస్తడు, గంతే," అన్నాడు.

"మరి నేనెక్కడున్నాను?" అని అడిగాను.

"మీరా సార్? గా నడుమ నిలవడ్డది. గిటు గుంజితె గిటు, గటు గుంజితె గటు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అతనుండే గల్లీలోనే హలీమా బీ ఉండేది. భర్త పోయాక ఇంట్లో మేకపోతుల్ని పెంచి పండుగకు అమ్ముకుని బతికే మనిషి. ఆ ఏడాది ఆమె తెచ్చినది ఒక్కటే, నల్లటిది, నుదుట నెలవంకలా తెల్లమచ్చ. చాంద్ అని పేరు. మచ్చ ఉన్నదానికి గిరాకీ ఎక్కువ. దాన్ని దొడ్డిలో పెట్టినప్పటి నుంచి ఆమె యాదయ్యకు పొద్దునా సాయంత్రం ఇంటి చాయ్ తెచ్చి ఇచ్చేది.

"హోటల్‌కు పోకు యాదయ్య భాయ్," అనేది. "నా చాంద్‌ను సూసుకుంట గీడనే తాగు."

"నువ్వు తెచ్చే చాయ్‌ల చక్కెర ఉండదు హలీమా బీ."

"షుగరున్నోనికి చక్కెరెందుకు? ఆంఖే ఖుల్లీ రఖో, కండ్లు తెర్సుకొని ఉండు, బస్."

సంత మొదలైన రోజు నుంచే తలలు ఇరుక్కోవడం మొదలైంది. కంచె బయట ఆకుల మోపులు అమ్మేవాళ్లు కూర్చునేవారు. పిల్లలు కొమ్మలు చూపించి మేకల్ని పిలిచేవాళ్లు. తల దూర్చిన జీవాన్ని విడిపించడానికి యాదయ్య ఒక పద్ధతి అలవాటు చేసుకున్నాడు. మూతిని కిందికి నొక్కి, తలను పక్కకు వాల్చి, ఒక కొమ్మును ముందు తప్పించి, తర్వాత రెండోదాన్ని. ఒక్కటైతే వచ్చేది. రోజూ కొన్ని. "సార్, గీ జాలీ వీటికి పనికిరాదు," అని నాకు రెండు మూడుసార్లు చెప్పాడు. పండుగ అయ్యాక చూద్దామన్నాను. లోపలివైపు గుడ్డ కట్టించినా సరిపోయేది. అది నాకు తట్టింది కూడా. గుడ్డ కట్టిస్తే ఎందుకు కట్టించావని ఈఈ సార్ అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి ఆగాను.

పండుగ వారంలో ఒక మధ్యాహ్నం నేను స్థలం కేసు వాయిదా కోసం నయాపూల్ దగ్గర కోర్టులో ఉన్నాను. ఆకాశం ఒక్కసారిగా నల్లబడి గాలి లేచింది. కాసేపటికి యాదయ్య ఫోన్ చేశాడు. గాలి హోరు వినిపిస్తూనే ఉంది. అయినా అతని మాట ప్రతి ముక్కా స్పష్టంగా వినిపించింది.

"సార్, రేకులు ఎగుర్తున్నయ్. బకరాలు బెదిరి అన్నీ గా ఆకులున్న దిక్కు వడ్డయ్. తలలు దూరినయ్ సార్, ఎనక నుంచి మిగిలినయ్ తొక్కుతున్నయ్. గాలికి అందరు దుకాణాలల్లకు ఉరికిన్రు, నా ఒక్కనితోని అయితలేదు. నా తాన కటింగ్ ప్లేయరే ఉన్నది, గీ తీగ తెగుతలేదు. పెద్ద కట్టర్ వట్టుకొని జల్ది రా సార్."

వస్తున్నానన్నాను. హైటెన్సైల్ తీగ చేతి పటకారుకు తెగదు. దానికి బోల్ట్ కట్టర్ కావాలి, రెండు చేతులతో నొక్కే పొడవాటి పిడులది. కంచె ఎంచుకున్నవాడిని నేను, నాకు తెలియకపోవడం ఏమిటి? నేను నిలబడ్డచోటికి ఉస్మాన్‌గంజ్ ఎంతో దూరం లేదు, మూసీ దాటితే చాలు. అక్కడ ఏ దుకాణంలోనైనా కట్టర్ దొరుకుతుంది. నేను నది దాటలేదు. జీపెక్కి నేరుగా దక్షిణానికి పొమ్మన్నాను. అప్పుడేమనుకున్నానో ఎన్నోసార్లు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. యాదయ్యకు గాభరా ఎక్కువ, నేను వెళ్లేసరికి సర్దుకుంటుందని అనుకున్నట్టున్నాను. అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

చార్మినార్ పక్కన చెట్టు కొమ్మ పడి దారి ఆగింది. నేను చేరేసరికి వాన వెలిసింది. గాలికి కరెంటు పోయింది, ఎదురుగా ఉన్న వెల్డింగ్ దుకాణంలో కోసే మిషన్ ఉన్నా పనిచేయలేదు. కంచెకు ఒక పక్కన వరుసగా మేకల తలలు బయటికి వేలాడుతున్నాయి. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. యాదయ్య బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కోదాన్ని తిప్పి తీస్తున్నాడు. రెండు అరచేతులూ కోసుకుపోయి రక్తం కారుతోంది. హలీమా బీ ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చి చాంద్ మెడ మీద బరువు పడకుండా దాని ఒంటిని లోపలి నుంచి ఎత్తి పట్టుకుంది.

గుంపులో ఎవరో రంపం తెచ్చారు. కొమ్ము కోసేస్తే తల వస్తుందన్నారు. "సీంగ్ కో హాత్ మత్ లగావ్!" అని హలీమా బీ అరిచింది. కొమ్మును ముట్టుకోవద్దని. యాదయ్య రంపాన్ని పక్కకు నెట్టి మళ్లీ ఆ చిన్న పటకారుతో తీగ మీద పడ్డాడు. తీగ మీద తెల్లటి గీత పడింది, అంతే. నన్ను చూసి, "కట్టరేది సార్?" అన్నాడు.

నేను ఒట్టి చేతులతో ఉన్నాను.

చివరికి హలీమా బీయే కోయమంది. ఏడుస్తూ, కోసెయ్ భాయ్, కోసెయ్ అంది. అప్పటికి ఆలస్యమైంది. చాంద్ కాకుండా మరికొన్ని జీవాలు కూడా చచ్చిపోయాయి. మందలవాళ్లవి, ఇంటి పెంపకాలవి. అవి హలాల్ కాకుండా పోయాయి కాబట్టి మాంసానికి కూడా పనికిరావు. మున్సిపాలిటీ బండిలో వేసి తీసుకుపోతుంటే ఆమె బండి వెనక కొంతదూరం నడిచింది.

జనం రోడ్డు మీద కూర్చున్నారు. ఆ సాయంత్రమే విచారణ ప్రకటించారు. ఈఈ సార్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయించారు. కంచె తప్పంటే దాన్ని ప్రతిపాదించిన నువ్వూ, ఒప్పుకున్న నేనూ సస్పెండ్ అవుతాం, పండుగ ముందు ఊరంతా రగులుతుంది అన్నారు. ఆ వాచ్‌మన్ చాయ్‌కి పోతాడట కదా అని అడిగారు. నేను, పోతాడు సార్ అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, నేను ఇంకేమీ చెప్పలేదు. ఆ రోజు పోయాడా అని ఆయన అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్నో తెలియదు.

విచారణకు వేరే విభాగం నుంచి ఒక సీనియర్ అధికారి వచ్చారు. ఆఫీసు మేడ మీది హాల్లో బస్తీవాళ్లను కూడా కూర్చోబెట్టారు. హలీమా బీ వెనక వరుసలో ఉంది. మా ఏఈ, వాచ్‌మన్ తరచు మధ్యాహ్నాలు హోటల్లో కనిపిస్తాడని చెప్పాడు. అది నిజమే. యాదయ్య చేతులకు కట్లతో లేచాడు.

"గా దినం నేను యాడికీ పోలే సార్. గాలి లేసినప్పుడే డీఈ సార్‌కు ఫోన్ చేసిన. తలలు దూరినయ్, కట్టర్ తెమ్మని చెప్పిన. గీడనే ఉన్నరు, అడుగుండ్రి."

విచారణాధికారి నన్ను అడిగారు. ఫోన్ వచ్చిందని ఒప్పుకుంటే మాట విన్నానని ఒప్పుకోవాలి. విన్నానంటే కట్టర్ లేకుండా ఎందుకు వెళ్లావని అడుగుతారు. పటకారుకు తెగని తీగ దగ్గర కట్టర్ ఎందుకు పెట్టలేదని అడుగుతారు. అక్కడి నుంచి గడి దాకా నాలుగు ప్రశ్నలే దూరం. నేను ఇలా అన్నాను: "ఫోన్ వచ్చింది సార్. గాలి హోరులో మాట వినపడలేదు. అతను ఎక్కడి నుంచి చేశాడో నేను చెప్పలేను."

యాదయ్య నా వైపు చూశాడు. గట్టిగా అరుస్తాడనుకున్నాను. "వస్తున్న అన్నవు గద సార్," అని మాత్రం అన్నాడు. నేను తల ఎత్తలేదు. డాక్టర్ మేడమ్‌ను విచారణకు పిలవలేదు. పిలవమని నేను అనలేదు.

యాదయ్యను ఏజెన్సీ తీసేసింది. గుర్తింపు కార్డు వెనక్కి తీసుకున్నారు. మరుసటి వారం నేను కంచె లోపలివైపు నడుము ఎత్తున ఆకుపచ్చ నెట్ కట్టించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక తప్పును అంత బాహాటంగా సరిదిద్దితే ఎవరైనా గుర్తుపడతారనుకున్నాను. ఎవరూ గుర్తుపట్టలేదు.

నిరుడు విరమణ తీసుకున్నాక ఇంటి మేడకు ఏదో కొనడానికి ఉస్మాన్‌గంజ్ వెళ్లాను. ఒక తోపుడు బండికి ఆనుకుని యాదయ్య నిలబడి ఉన్నాడు. నడుముకు వెడల్పాటి పట్టీ కట్టుకున్నాడు. నన్ను చూసి, "బాగున్నరా సార్?" అన్నాడు. వెటకారం లేదు. ఆ తర్వాత రెండు నెలలు నాకు తెలిసిన అధికారులందరి దగ్గరికీ వెళ్లాను. ఆ ఏజెన్సీ కాంట్రాక్టు ఎప్పుడో ముగిసింది. కొత్త ఏజెన్సీకి పాత మనుషులతో సంబంధం లేదు. విచారణ ముగిసింది, తిరిగి తెరిచే అధికారం తమకు లేదన్నారు. నా తర్వాత వచ్చిన డీఈ చాయ్ తెప్పించి, ఇప్పుడెందుకు సార్ ఇవన్నీ, మీ పెన్షన్‌కు ఇబ్బంది అన్నాడు. నేను కొన్నేళ్లుగా ఇతరులకు చెప్పిన మాటల్లాగే ఉన్నాయి అతని మాటలు.

ఇదంతా మళ్లీ ఉస్మాన్‌గంజ్ వెళ్లి యాదయ్యకు చెప్పాను. అతను బండి మీది బస్తాకు తాడు బిగిస్తూ విన్నాడు.

"నౌకరి ముచ్చట ఇడిసిపెట్టు సార్. అది రాదని నాకెర్కే," అన్నాడు. "హలీమా బీకి చెప్పు. ఆమె నన్ను సూస్తె మొకం తిప్పుకుంటది. నేను చాయ్‌కి పోయిన అనుకుంటది. దినాం గదే గల్లీల నడవాలె గద."

"నేను చెప్తాను. నమ్ముతుందా?"

"నీ మాట నమ్మింది గద సార్, గప్పుడు."

మర్నాడే జహనుమా వెళ్లాను. హలీమా బీ ఇప్పుడు మేకల్ని పెంచడం లేదు. వాకిట్లో కూర్చుని బ్లౌజులకు కుట్టు పని చేస్తోంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది. నేను మొత్తం చెప్పాను. గడి గురించి, తీగ గురించి, ఫోన్ గురించి, కట్టర్ గురించి. కట్టర్ మాట వచ్చినప్పుడు ఆమె సూది ఆగింది. అంతా విన్నాక అడిగింది.

"యాదయ్య భాయే పంపిండు కద మిమ్మల్ని?"

కాదని చెప్పలేను. చెప్పమని అతనే అడిగాడన్నాను.

"అదే అనుకున్న," అంది. "గప్పుడు పెద్ద సాబ్ ముందట అంతమందిల గట్ల చెప్తిరి. ఇప్పుడు నౌకరి లేదు, డర్ లేదు, ఒక్కరే వచ్చి గిట్ల చెప్తున్రు. నేను ఏది నమ్మాలె సాబ్? గరీబోని మీద తరస్ తిని, జాలివడి చెప్తున్నరేమో."

ప్రమాణం చేస్తానన్నాను. వద్దంది. "ఆఫీసరు మాట అని గప్పుడే నమ్మిన. ఇగ రెండోసారి నమ్మే తాకత్ లేదు," అని మళ్లీ సూది ఎత్తింది. నేను లేచే ముందు ఒక్కటి అడిగింది. ఆ రోజు కొమ్ము ముట్టవద్దని తాను అరవకుండా ఉంటే చాంద్ బతికేదా అని. బతికేదని నాకు తెలుసు. తెలియదన్నాను. ఆమెతో కూడా నిజం పూర్తిగా చెప్పలేకపోయాను.

బయటికి వస్తుంటే గల్లీ మొగలో యాదయ్య ఎదురయ్యాడు. నా ముఖం చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

హాల్లో అంతమంది ముందు నేను అన్న మాటను వాకిట్లో ఒక్కరికి చెప్పి తీసేయలేను. అందుకే అచ్చులో రాస్తున్నాను. ఆ గల్లీలో చదవగలిగినవాళ్లు ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తారేమో. దీనివల్ల అతని నౌకరి రాదు. ఆమె మేక రాదు.

ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగినవి ఇవి. కొమ్ములున్న జీవాల కంచెకు గడి తల దూరనంత చిన్నగా ఉండాలి, లేదా తల తిరిగి వచ్చేంత పెద్దగా ఉండాలి. రెండు సరైన కొలతల మధ్య ఉన్నది సరైన కొలత కాదు. చేతి పటకారుకు తెగని తీగ వేస్తే దాన్ని తెంచే పనిముట్టు ఆ స్తంభానికే వేలాడదీయాలి. కంచె లోపం కనిపించిన రోజే దాన్ని లోపమని పేరు పెట్టి పిలవాలి. పేరు పెట్టకపోతే అది కాపలా ఉన్నవాడి పేరు మీదికి పోతుంది.

ఆ మధ్యాహ్నం గాలి లేచినప్పటి నుంచి చివరి మేకను తీసేదాకా యాదయ్య కంచె దగ్గరే ఉన్నాడు.